ఇంటివాళ్లున్న ఇల్లు

జంషెడ్‌పూర్‌లో కంపెనీ ప్రాంతంలో సొంత ఇల్లుందని ఎవరైనా చెబితే, గోడలూ కప్పూ వాళ్లవని అర్థం. కింద నేల మాత్రం వాళ్లది కాదు. అది ప్రభుత్వానిది. ప్రభుత్వం దాన్ని టాటా స్టీల్‌కు లీజుకిచ్చింది, టాటా స్టీల్ అందులో కొన్ని ప్లాట్లను సబ్‌లీజుకిచ్చింది. 1950 నాటి బిహార్ భూసంస్కరణల చట్టానికి 1972లో వచ్చిన సవరణతో మొదలైన ఈ ఏర్పాటు 1985 ఆగస్టులో ఒప్పందంగా కాగితం మీదికెక్కింది. 1956 జనవరి 1 నుంచి లెక్కగట్టి, 40 ఏళ్లకు, సుమారు 12,700 ఎకరాలు. ఆ గడువు 1995 చివర ముగిసింది. జార్ఖండ్ ఏర్పడ్డాక 2005 ఆగస్టులో మరో 30 ఏళ్లకు, అంటే 1996 జనవరి నుంచి 2025 డిసెంబరు 31 దాకా, లీజును పునరుద్ధరించారు. అప్పుడే 86 బస్తీల భూమిని అందులోంచి తప్పించారు. ఇంత పాత కథ ఇప్పుడెందుకంటే, మేడ మీద ఖాళీగా ఉన్న రెండు గదులను ఊరు చూడవచ్చినవాళ్లకు రోజు లెక్కన ఇద్దామనుకునే కుటుంబానికి ఈ ఊళ్లో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇక్కడే పుడుతుంది. వేరే ఊళ్లో అయితే మున్సిపాలిటీని అడిగితే సరిపోతుంది. ఇక్కడ నక్షా పాస్ చేసేది నోటిఫైడ్ ఏరియా కమిటీ, ఊళ్లో అందరూ ‘అక్షేస్’ అనే సంస్థ. కంపెనీ లీజు భూమి అయితే కంపెనీ భూవిభాగం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కూడా కావాలి. పైగా సబ్‌లీజు పత్రంలో ఆ ప్లాటు దేనికోసం ఇచ్చారో రాసి ఉంటుంది: నివాసానికి.

విడిదికి గిరాకీ లేదని అనలేం. మార్చి 3న కంపెనీ వ్యవస్థాపక దినోత్సవం వస్తే జూబ్లీ పార్కు దీపాలు చూడటానికి చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వస్తారు. దుర్గాపూజ రోజుల్లో వస్తారు. దల్మా కొండల్లో ఏనుగుల అభయారణ్యం, డిమ్నా సరస్సు ఊరికి దగ్గరే. ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐలోనో ఆదిత్యపూర్ ఎన్ఐటీలోనో పిల్లల్ని చేర్చడానికి తల్లిదండ్రులు వస్తారు. టాటా మెయిన్ హాస్పిటల్‌కు, మెహెర్‌బాయి క్యాన్సర్ ఆసుపత్రికి రోగుల వెంట వచ్చేవాళ్లకు ఒక్క రాత్రి కాదు, వారాల తరబడి తలదాచుకునే చోటు కావాలి. మరోవైపు కదమా, సోనారీ, సాక్చీ, గోల్మురీ వీధుల్లో పిల్లలు హైదరాబాదుకో బెంగళూరుకో అమెరికాకో వెళ్లిపోయాక పెద్దవాళ్లిద్దరే మిగిలిన ఇళ్లు ఎన్నో. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం నుంచి కంపెనీ పనికి వచ్చి, బిష్టుపూర్ రామమందిరం చుట్టూ, కదమా ఆంధ్రా అసోసియేషన్ చుట్టూ తమ లోకం కట్టుకున్న తెలుగు కుటుంబాల్లోనూ ఇదే పరిస్థితి. మేడ మీద వాటాకు తాళం, కింద వాటాలో ఇద్దరు ముసలివాళ్లు, పింఛను డబ్బు. ఆ తాళం తీసి నాలుగు రూపాయలు సంపాదించుకోవాలన్న ఆలోచన న్యాయమైనదే. 2025 కేంద్ర బడ్జెట్టు కూడా హోమ్‌స్టేలకు ముద్రా రుణాలిస్తామని చెప్పి ఆ ఆలోచనకు ఊతమిచ్చింది.

ఈ ఇళ్లకు అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది తప్పు ప్రశ్న అని నా అభిప్రాయం. ఇంటివాళ్లు ఆ ఇంట్లో ఉంటున్నారా లేదా అన్నదే సరైన ప్రశ్న. ఉంటున్న ఇంట్లో ఒకటి రెండు గదులు అతిథులకిస్తే అది ఇల్లుగానే మిగులుతుంది; దానికి నమోదు చాలు, అనుమతి అక్కర్లేదు. ఇంటివాళ్లు లేకుండా వాటా మొత్తం రోజు లెక్కన తిరుగుతుంటే, బయటికి ఎంత ఇల్లులా కనబడినా, అది వసతిగృహం. దానికి వినియోగ మార్పు అనుమతి ఉండాల్సిందే. ఈ గీత నేను కొత్తగా గీస్తున్నది కాదు. ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మ ఇల్లు మనకందరికీ గుర్తుంటుంది. భర్త పోయిన స్త్రీ తన ఇంట్లోనే పదిమందికి వండిపెట్టి బతికిన ఇల్లది; వచ్చిపోయేవాళ్లెవరో, ఎవరు బాకీ ఉన్నారో ఆమెకు తెలుసు. అంతకు ముందే, 1867లో, బ్రిటిషు ప్రభుత్వం సరాయిల చట్టం తెచ్చి, బాటసారుల కోసం నడిపే సరాయిని జిల్లా మేజిస్ట్రేటు దగ్గర నమోదు చేయించాలని, శుభ్రంగా ఉంచాలని చెప్పింది. సత్రం వేరు, ఇల్లు వేరన్న తేడా మన సమాజానికి ఎప్పటినుంచో తెలుసు.

నేటి నిబంధనల్లోనూ ఆ తేడా ఉంది, వెతికితే దొరుకుతుంది. 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతి ఒకటి రెండు కుటుంబాలు నివసించే ఇంటిని ఒక తరగతిగా, లాడ్జింగ్ ఇళ్లను మరో తరగతిగా విడదీసింది. కుటుంబ నివాసంలో గదులు బయటివాళ్లకు అద్దెకిస్తే ఉండే బయటివాళ్ల సంఖ్యకు హద్దు ఉంటుందని, నిద్రపోయేవాళ్లు మొత్తం ఇరవై దాటితే ఆ భవనం కుటుంబ నివాసాల తరగతిలోంచి బయటికి పోతుందని అందులో ఉంది. ఆ స్మృతి దానంతటదే చట్టం కాదు, రాష్ట్రాలు తమ నియమాల్లోకి తీసుకున్న మేరకే చెల్లుతుంది. అయినా అందులోని ఆలోచన స్పష్టం: ఇల్లు కాస్త పరాయివాళ్లను భరించగలదు, ఒక మేరకు. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, హోమ్‌స్టే పథకం కూడా ఇదే దారిలో నడిచింది. ఒక గది నుంచి ఆరు గదుల దాకా, పన్నెండు పడకలకు మించకుండా. యజమాని కుటుంబం అక్కడే నివాసం ఉండాలి. గోల్డ్, సిల్వర్ అని తరగతులిచ్చేది ఆ షరతు తీరాకే. ఆరు గదులు జంషెడ్‌పూర్ ఇళ్లకు ఎక్కువ. కానీ షరతు సరైనది. పర్యాటక శాఖ ప్రోత్సాహం కోసం పెట్టుకున్న షరతును పట్టణ ప్రణాళిక నియమంగా ఎందుకు తీసుకోకూడదు?

ఇంగ్లండులో ఇదే చిక్కు 2012లో అప్పీలు కోర్టు ముందుకు వచ్చింది. ఎనిమిది పడకగదుల పెద్ద ఇంటిని సెలవులకు వచ్చే బృందాలకు అద్దెకిస్తుంటే అది వినియోగ మార్పు అవుతుందా కాదా అన్నది ప్రశ్న. సెలవుల అద్దె అన్నంత మాత్రాన ఎప్పుడూ మార్పేననీ చెప్పలేం, ఎప్పుడూ కాదనీ చెప్పలేం, ఎవరొస్తున్నారు, ఎంతమంది, ఎంత తరచుగా అన్నదాన్ని బట్టి తేల్చాలని కోర్టు అంది. న్యాయంగా చూస్తే సరైన మాటే, కానీ ఆ లెక్క తేల్చడానికి ప్రతి ఇంటివాళ్లూ కోర్టుదాకా వెళ్లలేరు కదా. న్యూయార్క్ నగరం అంతకంటే సూటిగా తేల్చింది. 2023 సెప్టెంబరు 5 నుంచి అక్కడ ముప్పై రోజులకు తక్కువగా అద్దెకివ్వాలంటే నగరపాలక సంస్థ దగ్గర నమోదు కావాలి. ఆ ఇంట్లో శాశ్వతంగా ఉండేవాళ్లు అతిథులున్నన్నాళ్లూ అక్కడే ఉండాలి. డబ్బిచ్చి ఉండే అతిథులు ఇద్దరికి మించకూడదు. అతిథి ఇంట్లో అన్ని గదుల్లోకీ వెళ్లగలిగేలా ఉండాలి. చివరి షరతు నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. లోపలి తలుపుకు తాళం వేసి ఒక వాటాను వేరు చేసేసి, పేరుకు మాత్రం కింద ఉంటున్నాం అనే దొంగదారిని అది మూసేస్తుంది. మన మేడలకు బయట నుంచే మెట్లుంటాయి కాబట్టి ఆ షరతును ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టలేం. దాని ఉద్దేశం మాత్రం తెచ్చుకోవచ్చు: అతిథికి తలుపు తీసేది ఇంట్లో మనిషే తప్ప, గోడకు తగిలించిన అంకెల తాళం కాకూడదు.

గీత గీయకపోతే ఏమవుతుందో బార్సిలోనాను చూస్తే తెలుస్తుంది. మొదట కొన్ని ఫ్లాట్లు, తర్వాత మెట్ల వరుసకు రెండు, ఆ తర్వాత భవనం భవనమే సందర్శకులదైపోయి, అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు అద్దె ఇల్లు దొరకని స్థితి వచ్చింది. 2024 జూన్‌లో ఆ నగర మేయరు, పర్యాటక ఫ్లాట్లకు ఉన్న 10,101 లైసెన్సులను 2028 నవంబరు తర్వాత పొడిగించబోమని ప్రకటించాల్సి వచ్చింది. జంషెడ్‌పూర్ బార్సిలోనా కాదని ఎవరైనా అంటారు, నిజమే. పర్యాటకుల వరద ఇక్కడికి రాదు. అయితే ఇక్కడ ఇళ్లు కూడా అన్ని లేవు. 1912 నాటి తొలి ప్లాను నుంచి, టెంపుల్, స్టోక్స్ వేసిన విస్తరణల మీదుగా, 1945 నాటి కోనిగ్స్‌బర్గర్ ప్లాను దాకా, ఈ ఊరిని మనుషులు నివసించే పేటలుగా ఊహించి కట్టారు. ఒట్టో కోనిగ్స్‌బర్గర్ ఆ తర్వాత భువనేశ్వర్‌కు ప్లాను వేసినవాడు. పేటను ఒక కుటుంబ సముదాయంగా చూడటం, బడి, ఆటస్థలం, అంగడి నడిచి వెళ్లే దూరంలో ఉంచడం ఆయన పద్ధతి. ఆ పేటలో ఒక ఇల్లు వసతిగృహం అయితే ఎవరూ గమనించరు. పది ఇళ్లయితే బడి ఎవరికోసం, పార్కు ఎవరికోసం అన్న ప్రశ్న వస్తుంది. ఇక్కడ నీళ్లు, కరెంటు, డ్రైనేజీ కంపెనీ సంస్థే అందిస్తుంది. ఆ గొట్టాలు ఇన్ని కుటుంబాలకని లెక్కవేసి వేసినవి. ప్రతి రెండు రోజులకూ కొత్త దుప్పట్లు ఉతికే ఇల్లు కుటుంబం వాడినన్ని నీళ్లతో సరిపెట్టుకోదు. గృహ వినియోగ మీటరు మీద వ్యాపారం నడిస్తే ఆ తేడా మిగతా ఇళ్లవాళ్ల మీద పడుతుంది.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది నిప్పు. జంషెడ్‌పూర్‌కు నిప్పు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. 1989 మార్చి 3న వ్యవస్థాపక దినోత్సవ వేడుకల్లో షామియానాకు మంటలంటుకుని 60 మంది చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. ఆ కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లి 2001లో తీర్పొచ్చింది. ఇంట్లో ఉండే స్త్రీ చేసే పనికి కూడా విలువ కట్టాలని కోర్టు చెప్పింది ఆ తీర్పులోనే. తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ సికిందరాబాదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి అక్కడ రూబీ లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, ఆ పొగ మెట్లెక్కి, పైన గదుల్లో నిద్రపోతున్న ఎనిమిది మందిని చంపేసింది. కింద ఒక వాడకం, పైన ఇంకో వాడకం, మధ్యలో ఒకటే మెట్లు. మన మేడల్లో కూడా మెట్లు ఒకటే. ఇంటివాళ్లకు ఆ మెట్లు చీకట్లో కూడా తెలుసు, గ్యాసు బండ ఎక్కడుందో తెలుసు, మెయిన్ స్విచ్ ఎక్కడుందో తెలుసు. మొన్న దిగిన అతిథికి ఇవేవీ తెలియవు. అతిథి ఉన్నప్పుడు ఇంట్లో మనిషి ఉండాలన్న నా పట్టుదల వెనక పెద్ద కారణం ఇదే. ఆ మనిషి లేని చోట రెండో మెట్ల దారి, పొగ పసిగట్టే గంట, మంటలార్పే సిలిండరు ఉన్నాయో లేదో ఎవరో ఒకరు వచ్చి చూసి సంతకం పెట్టాలి.

ఇప్పుడు ఎదురువాదాలకు వద్దాం. మొదటిది అందరి నోటా వచ్చేది: అద్దెకున్నవాళ్లను నెలల తరబడి పెట్టుకుంటే ఏ అనుమతీ అడగరు, రెండు రోజులుండేవాళ్లకు ఎందుకు? తేడా ఉంది. నెల అద్దెకు వచ్చిన కుటుంబం పక్కింటివాళ్లకు పక్కిల్లవుతుంది. పాలవాడు, చెత్త తీసేవాళ్లు, వీధిలో క్రికెట్టు ఆడే పిల్లలు వాళ్లను గుర్తుపడతారు. వాళ్లకు ఆ వీధి గురించి పట్టింపు ఉంటుంది. రెండు రోజుల అతిథి ఎంత మంచివాడైనా ఆ పట్టింపు పెంచుకునేంత కాలం ఉండడు. ఆ లోటు తీర్చాల్సింది ఇంటివాళ్లే. వాళ్లూ లేకపోతే, రాత్రి పదకొండింటికి పాటలు ఆపమని చెప్పడానికి వెళ్లిన పొరుగువాడికి ఎదురయ్యేది మూసిన తలుపు, ఎక్కడో ఉన్న యజమాని ఫోను నంబరు.

రెండోది లంచాల భయం. దీన్ని కొట్టిపారేయలేం. అనుమతి అన్న ప్రతి కాగితం వెనక ఒక చేయి చాపబడుతుందని మన ప్రజల అనుభవం. అందుకే చిన్న ఇంటివాళ్లను అనుమతి నుంచి తప్పించి నమోదుకు పరిమితం చేయాలంటున్నాను. అసలు ఏ కాగితమూ వద్దని ఊరుకోవడం మాత్రం వాళ్లకే ప్రమాదం. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నివాస గృహాల్లో నడుస్తున్న వ్యాపారాల విషయంలో కన్నెర్ర చేశాక ఢిల్లీలో ఎన్ని తలుపులకు సీళ్లు పడ్డాయో గుర్తుంది. 2024 డిసెంబరు 17న, మీరట్‌లోని శాస్త్రినగర్‌లో నివాసానికిచ్చిన ప్లాటులో కట్టిన దుకాణాల కేసులో ఆ కోర్టే ఇంకా గట్టిగా చెప్పింది: ఏళ్లు గడిచాయని, అధికారులు చూసీచూడనట్టు వదిలేశారని, డబ్బు పెట్టేశామని చెప్పి అక్రమాన్ని సక్రమం చేసుకోలేరు. నిర్మాణం పూర్తయినట్టు ధ్రువపత్రం చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని, అనుమతి లేని భవనంలో వ్యాపారానికి లైసెన్సు ఇవ్వకూడదని, బ్యాంకులు కాగితాలు చూశాకే అప్పులివ్వాలని ఆదేశించింది. ప్లాటు నివాసానికని పత్రంలో రాసి ఉన్న జంషెడ్‌పూర్ ఇంటివాళ్లు ఈ తీర్పును మీరట్ సంగతిగా చదివి పక్కన పెట్టలేరు. ముద్రా రుణం తీసుకుని మేడ బాగుచేయించి, నాలుగేళ్ల తర్వాత నోటీసు అందుకునే పెద్దవాళ్ల పరిస్థితి ఊహించండి. వాళ్లకు ఇవాళ ఒక పేజీ నమోదు పత్రం ఇవ్వడం దయ కాదు, ప్రభుత్వ బాధ్యత.

మూడో అభ్యంతరం మరోవైపు నుంచి, వీధిలోని పెద్దల నుంచి వస్తుంది. ఎవరెవరో జంటలు వస్తారు, పేట పరువు పోతుంది, అసలు ఎవరికీ ఇవ్వనీయొద్దు అంటారు. ఈ వాదనతో నేను ఏకీభవించను. 2019లో కోయంబత్తూరులో ఒక సర్వీస్ అపార్ట్‌మెంటును ఇలాంటి ఆరోపణలతోనే అధికారులు మూసేస్తే, మద్రాసు హైకోర్టు దాన్ని తెరిపించింది. పెళ్లికాని ఇద్దరు వయోజనులు ఒక గదిలో ఉండటం ఏ చట్టం ప్రకారమూ నేరం కాదని చెప్పింది. ప్రణాళికా నియమం మంటలు, నీళ్లు, బండ్లు ఆపే చోటు, చప్పుడు చూడాలి. గదిలో ఎవరున్నారన్నది దాని పని కాదు. గుర్తింపు కార్డు చూసి పుస్తకంలో రాసుకోవడం, విదేశీయులొస్తే 24 గంటల్లోపు అధికారులకు వివరాలు పంపడం ఎలాగూ చట్టం చెప్పినవే. అంతకుమించి అతిథి కులం, మతం, పెళ్లి గురించి అడిగే హక్కు నమోదు పత్రం ద్వారా ఎవరికీ దక్కకూడదు. ఆ మాట పత్రం మీదే అచ్చు వేయాలి.

యజమాని అక్కడే ఉండాలంటే ఊళ్లో లేని పిల్లలకు అన్యాయం కాదా అన్నది నాలుగోది. తల్లిదండ్రులు పోయాక ఇల్లు మిగిలింది, అమ్మడానికి మనసు రాదు, నెల అద్దెకిస్తే ఖాళీ చేయించలేమని భయం, రోజు అద్దెకిద్దామనిపిస్తుంది. ఆ బాధ నాకు అర్థమవుతుంది. దారి మూసేయమని నేననడం లేదు. వాళ్లు అనుమతి అడగాలి, కరెంటు వ్యాపార లెక్కన కట్టాలి, ఊళ్లో బాధ్యత తీసుకునే మనిషి పేరు ఇవ్వాలి, వీధికి ఇన్ని అన్న పరిమితికి లోబడాలి. వాళ్లు నడపబోయేది వ్యాపారం కాబట్టి వ్యాపారానికున్న బరువు మోయాలి. కంపెనీ క్వార్టర్ల సంగతి ఇందులోకి రాదు. ఉద్యోగికి నివాసానికిచ్చినదాన్ని మరొకరికి అద్దెకివ్వడం అసలే కుదరదు.

నా వాదనలో నిజంగా బలహీనమైన చోటు బస్తీలు. నివాసమున్నవాళ్లకు సులువైన నమోదు అని చెప్పడం కాగితం ఉన్నవాళ్లకే పనికొస్తుంది. లీజు నుంచి తప్పించిన 86 బస్తీల్లో మూడు తరాలుగా ఇల్లు కట్టుకుని ఉంటున్నవాళ్లకు పట్టా ప్రశ్నే తెగలేదు. నక్షా ఎక్కడి నుంచి వస్తుంది? ఆసుపత్రికి వచ్చిన బీద రోగి బంధువుకు చవకగా గది ఇవ్వగలిగేది మాత్రం ఆ ఇళ్లే. కాగితమున్నవాడి సంపాదనకు చట్టం తోడుండి, బస్తీ ఇల్లాలి సంపాదనకు నోటీసు పంపితే ఆ నియమాన్ని నేను సమర్థించలేను. అందువల్ల నమోదును భూమి హక్కుతో కాకుండా నివాసంతో ముడిపెట్టాలి: కరెంటు బిల్లు, ఓటరు జాబితా, ఆధార్‌లోని చిరునామా. అది భూమి మీద హక్కు ఇచ్చినట్టు కాదని అదే పత్రంలో రాయవచ్చు. ఊళ్లో ఎన్నికైన నగరపాలక సంస్థ కావాలన్న పోరాటం సుప్రీంకోర్టుదాకా దశాబ్దాలు నడిచింది. 2023 డిసెంబరులో రాష్ట్రం దీన్ని పారిశ్రామిక పట్టణంగా నోటిఫై చేసింది. పాలన ఎవరి చేతిలో ఉన్నా ఈ ఒక్క పత్రం తయారుచేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. మానగో, జుగ్‌సలాయ్, ఆదిత్యపూర్ సంస్థలూ అదే నమూనా వాడుకోవచ్చు.

ఆ పత్రంలో ఏముండాలో చెప్పడం కష్టం కాదు. ఇంట్లో నివాసముంటున్నవాళ్ల పేర్లు, అతిథులకిచ్చే గదులు రెండుకు మించవన్న మాట, ఒకేసారి అతిథులు నలుగురికి మించరన్న మాట, మెట్ల మీద దీపం, వంటింట్లో మంటలార్పే సిలిండరు, బండి ఆపే చోటు. రెండు గదులకు లోబడినవాళ్లకు సబ్‌లీజు పత్రంలోని ‘నివాసం’ అన్న మాటకు భంగం కలగలేదని కంపెనీ భూవిభాగం ఒకేసారి అందరికీ వర్తించేలా రాసి ఇవ్వాలి. ఇంటింటికీ విడి పత్రం అడిగితే మళ్లీ కౌంటర్ల చుట్టూ తిరుగుడే. ముప్పై రోజుల్లో అక్షేస్ జవాబివ్వకపోతే నమోదైనట్టే లెక్క. పత్రం నకలు గేటుకు పదిహేను రోజులు అంటించి ఉంచాలి, వీధిలో అందరూ చదవగలిగేలా హిందీలో, ఇంటివాళ్ల ఫోను నంబరుతో. అభ్యంతరముంటే పొరుగువాళ్లు ముందు ఆ గేటు దగ్గరికే వస్తారు, తలుపు తీయడానికి లోపల మనిషి ఉంటుంది.